షెడ్డు మాట

పోయినేడు ఎండాకాలం నేను ఒక మాట అన్నాను. గొంతు లేకుండా, వట్టి పెదాలతో అన్నాను. పక్కన ఎవరున్నా విని ఉండరు. ఆ ఒక్క మాటకు ఇద్దరు మనుషులు నా బతుకులోంచి లేచిపోయారు. ఒకామె దేశం దాటి పోయింది. ఇంకొకామె కదిరి దాకానే పోయింది గానీ, ఇద్దరిలో ఎక్కువ దూరం పోయింది ఆమే.

ముందు మా మాట సంగతి చెప్పాలి, లేకుంటే ఈ కథ మీకు అర్థం కాదు. ధర్మవరంలో మరమగ్గాల షెడ్డు పక్కనుంచి ఎప్పుడైనా పోయి ఉంటే ఆ మోత మీకు తెలిసే ఉంటుంది. నలభై మగ్గాలు ఒకేసారి ఆడుతుంటే చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని షెడ్డులో ఎవరూ అరవరు. గొంతు పైకి రానివ్వకుండా పెదాలు పెద్దగా, స్పష్టంగా కదిలిస్తారు. ఎదుటివాళ్ళు మొహం చూసి మాట అందుకుంటారు. నాలుగు మగ్గాల అవతల ఉన్న మనిషితో కబుర్లు చెప్పుకోవచ్చు, మేస్త్రీని వాడి ఎదురుగానే తిట్టుకోవచ్చు. దాన్నే మేము షెడ్డు మాట అంటాము. ఆ షెడ్డులో నేను పదకొండేళ్ళు, మా వదిన నల్లమ్మ పద్దెనిమిదేళ్ళు పనిచేశాము. నాకు కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమచెవిలో ఏదో కాస్త గుసగుస మిగిలింది. వదినకు రెండూ పోయాయి. షెడ్డు మూతపడ్డాక మాకు అక్కడినుంచి దక్కింది ఆ మాట ఒక్కటే.

నల్లమ్మ నా మొగుడు గంగాధర్‌కు అక్క. కట్టుకున్నవాడు వదిలేస్తే తమ్ముడి ఇంటికి వచ్చేసింది. ఆడబిడ్డ ఉన్న ఇంట్లో కోడలికి నరకమేనని నా పెళ్ళికి ముందు అందరూ నన్ను బెదరగొట్టారు. ఏ నరకమూ లేదు. నేను పగలు షిఫ్టుకు పోతే ఆమె రాత్రి షిఫ్టుకు పోయి, నా కూతురు త్రివేణిని చంకనేసుకుని పెంచింది. మా ఆయన ఇంట్లో గుంతమగ్గం మీద చేత్తో పట్టుచీరలు నేస్తాడు, ఆయన చెవులు శుభ్రంగా ఉన్నాయి. మేమిద్దరం పొయ్యికాడ కూర్చుని గొంతు లేకుండా గంటలకొద్దీ మాట్లాడుకుంటుంటే ఆయనకు ఒళ్ళు మండేది.

“ఏందే ఈ మూగనోళ్ళు? నన్నే తిట్టుకుంటాండారేమో, ఎవురికి తెలుసు!” అనేవాడు.

నిజానికి ఆయన్నే తిట్టుకుంటూ ఉండేవాళ్ళం, అది వేరే సంగతి.

షెడ్డు మాటలో ఒక తిట్టు ఉంది. దానికి పెదాలు కూడా అక్కర్లేదు. ఎదుటిమనిషి మాట్లాడుతుండగా కళ్ళు మూసుకోవడమే ఆ తిట్టు. నువ్వు చెప్పేది ఏదీ నాలోకి రానివ్వను అని దాని అర్థం. అంతకు మించిన అవమానం మాలో లేదు. పద్నాలుగేళ్ళలో వదిన నా మీద గానీ, నేను ఆమె మీద గానీ ఒక్కసారి కూడా కళ్ళు మూసుకోలేదు.

ఉగాది అయిన వారానికి మా ఇద్దరికీ పెనుకొండ దారిలో ఒక గెస్ట్‌హౌస్‌లో పని దొరికింది. కార్ల ఫ్యాక్టరీకి వచ్చే కొరియా వాళ్ళకోసం హైవే పక్కన కట్టిన మూడంతస్తుల మేడ అది. మేనేజరు ఓబిలేష్ మా వీధివాడే. వంటింట్లో క్యాబేజీలు తరగడం, వెల్లుల్లి ఒలవడం, గిన్నెలు తోమడం మా పని. పనికి చెవులు అక్కర్లేదు కాబట్టి చెవుడు సంగతి ఎవరూ అడగలేదు.

ఆ నెలలోనే వచ్చింది ఆమె. అరవై దాటిన మనిషి, పొట్టిగా, చురుగ్గా ఉండేది. ఆమె భర్త పెద్ద ఇంజనీరు, రిటైరయ్యాక కూడా ఆయన్ను మూణ్ణాలుగు నెలల పనికి పిలిపించుకున్నారు. ఆయన పొద్దున ఏడింటికి కారెక్కితే చీకటిపడ్డాకే రావడం. ఈమె ఒక్కతే ఆ మేడలో, కిటికీలోంచి ఎండను చూస్తూ కూర్చునేది. పేరు యంగ్‌సుక్. మా నోళ్ళకు అది తిరక్క మూడోరోజుకే సుక్కమ్మను చేశాము.

సుక్కమ్మకు రెండు చెవుల్లోనూ చిన్న చిన్న మిషన్లు ఉండేవి. మిషను పెట్టుకున్నా ఆమెకు ఎవరి మాటా పట్టుబడేది కాదు. అది మోతను పెంచుతుంది గానీ మన యాసను విప్పి చెప్పదు కదా. ఓబిలేష్ ఇంగ్లీషు ఆమెకు అర్థమయ్యేది కాదు, ఆమె ఇంగ్లీషు ఓబిలేష్‌కు అర్థమయ్యేది కాదు. ఫోన్లో మాట్లాడితే తెలుగులో రాసి చూపించేది ఒకటుంది, దాన్ని పట్టుకుని తిరిగేది. అదీ మా సీమ మాట వింటే తికమకపడి ఏదేదో రాసేది. చివరికి ఎవరు ఏమన్నా నవ్వి తలూపడం మొదలుపెట్టింది.

ఆ నవ్వు నాకు బాగా తెలుసు. వినపడనప్పుడు నేను నవ్వేదీ అదే. మళ్ళీ మళ్ళీ అడిగితే మనుషులు విసుక్కుంటారని, నవ్వేసి తలూపితే వదిలేస్తారని చెవిటివాళ్ళం అందరం నేర్చుకుంటాము.

ఓబిలేష్ కూడా ఆ నవ్వును కనిపెట్టాడు. ఒకరోజు అందరి ముందూ చేతులు కట్టుకుని, మహా వినయంగా, “ఏం మేడమ్, ఈ మొగం పెట్టుకొని ఇంత దూరం ఎట్ల వచ్చినారు మేడమ్? సిగ్గు లేదా మేడమ్?” అన్నాడు. ఆమె నవ్వి, “యెస్, యెస్” అని తలూపింది. గేటు కాడి వాచ్‌మన్ శ్రీరంగప్ప పడీపడీ నవ్వాడు. నాకు ఓబిలేష్ పెదాలమీద మాట కనిపించింది. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానంటే ఏం చెప్పాలి? ఆ ఒక్కసారి నవ్వు నా మీద కాదు, అందుకు నవ్వాను.

తరువాత రెండు రోజులకనుకుంటా, వంటింట్లో పొగ లాగే పెద్ద ఫ్యాను తిరుగుతోంది. దాని మోత షెడ్డు మోతకు ఏమీ తీసిపోదు. నేనూ వదినా ఎదురెదురుగా కూర్చుని ముల్లంగి చెక్కు తీస్తూ మా మాటలో మేము ఉన్నాము. ఎప్పుడు వచ్చిందో సుక్కమ్మ గుమ్మంలో నిలబడి మమ్మల్నే చూస్తోంది. ఆమె మొహం చూసి ఏదో తప్పు చేశామనుకుని లేచాను. ఆమె గబగబా దగ్గరికి వచ్చి, బొటనవేలు, చూపుడువేలు దగ్గరికి తెచ్చి ఒక ముడి వేసి చూపించింది. తెగిన పోగును అతికే ముడి అది. ప్రపంచంలో ఇంకెవరూ ఆ ముడి అంత వేగంగా వెయ్యలేరు, మగ్గం పనివాళ్ళు తప్ప. తరువాత తన రెండు చెవులూ చూపించి, చేతులతో మగ్గంలో పోగు మోసే నాడె అటూ ఇటూ కొట్టుకుంటున్నట్టు ఆడించింది.

“ఓయమ్మా! ఈమె కూడా షెడ్డు మనిషే హేమా!” అంది వదిన పెదాలతో.

ఫోన్లో రాసి చూపించింది. పదిహేనో ఏట బట్టల మిల్లులో చేరిందట. పన్నెండేళ్ళు చేసిందట. వాళ్ళ మిల్లులోనూ ఇట్లాగే గొంతు లేకుండా మాట్లాడుకునేవాళ్ళట. ఆమె నా మొహం చూస్తూ చెవుల్లోంచి మిషన్లు రెండూ తీసి, చిన్న డబ్బాలో పెట్టి మూతవేసింది. ఆ రోజునుంచి నా దగ్గరికి వచ్చినప్పుడల్లా మొదటి పని అదే. ఓబిలేష్‌తో, వాళ్ళాయనతో, అందరితో మిషన్లు పెట్టుకుని మాట్లాడేది. నాతో మాత్రం తీసేసేది.

మధ్యాహ్నం గిన్నెలైపోయాక వెనక మెట్లమీద నీడలో కూర్చునేవాళ్ళం. నేను ఒక మాట పెదాలతో అనేదాన్ని, ఆమె నా నోటివంక కళ్ళార్పకుండా చూసి తన నోటితో అట్లాగే పలికేది. గొంతుతో పలికితే ఆమె తెలుగు దేవుడికి కూడా అర్థమయ్యేది కాదు. గొంతు తీసేస్తే శుభ్రంగా ఉండేది. గొంతు లేని మాటకు యాస ఉండదని అప్పుడు అనుకున్నాను. వదినతో కూడా గొప్పగా చెప్పాను.

మొదట నేర్పిన మాట చెవిటి. ఇద్దరి చెవులూ చూపించి ‘చెవిటి, చెవిటి’ అన్నాను. ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. తరువాత నీళ్ళు, ఎండ, చెయ్యి, ముడి. గేటు కాడ బక్కచిక్కిన గోధుమరంగు కుక్క ఒకటి ఉండేది. దానికి రోజూ తన కంచంలోది తీసి పెట్టేది ఈమె. “పెంచి కోసుకోను పెడతాందేమోలే, ఈ దేశపోళ్ళను నమ్మేకి లేదు,” అని శ్రీరంగప్ప కారుకూతలు కూసేవాడు. ఆమె దాని మెడ నిమురుతుంటే కుక్క అని నేర్పాను. తిండి పెట్టు అని నేర్పాను. మెట్లమీదనుంచి లేచి లోపలికి పోయేటప్పుడు రోజూ ‘నా ఎంట రా’ అనేదాన్ని. రెండు వారాలు తిరిగేసరికి నేను లేస్తే చాలు, ఆమే నవ్వుతూ, ‘నీ ఎంట వస్తా’ అనేది. నా వయసు ముప్పై అయిదు. షెడ్డు మూతపడ్డాక నాకు దొరికిన ఒకే ఒక స్నేహితురాలు ఆమె. ఆమెకు ఈ దేశం మొత్తం మీద దొరికిందీ నేనొక్కదాన్నే.

ఏప్రిల్ చివర్లో ఒకరోజు ఆమె నా ఎడమచెవి పట్టుకుని లోపలికి చూసి, తన మిషను ఒకటి తీసి నాకు పెట్టింది. ఒక్క క్షణమే. గేటు కాడ కుక్క మొరిగింది. అది విని నేను ఉలిక్కిపడి ఏడ్చేశాను. ఆమె ఫోన్లో రాసింది. మే పదిహేనో తారీకు బెంగుళూరులో తన చెవులు చూపించుకోవడానికి కారులో పోతుందట, నన్ను కూడా తీసుకుపోయి చెవి డాక్టరుకు చూపించి, నాకు సరిపడే మిషను ఇప్పిస్తుందట.

ఆ వార్త మోసుకుని ఇంటికి వచ్చి త్రివేణికి ఒక్కదానికే చెప్పాను. దానికి పన్నెండేళ్ళు. నేను కన్న బిడ్డ గొంతు ఎట్లా ఉంటుందో నాకు ఇంతవరకు సరిగ్గా తెలియదు. పిలిచి పిలిచి విసిగిపోయి, మాట్లాడటం మానేసి, చీర కొంగు లాగడం అలవాటు చేసుకుంది అది.

“నిజంగానా మా? అయితే నేను పిలిస్తే పలుకుతావా?” అంది.

“పిలిచి సూడు అప్పుడు,” అన్నాను.

వదినకు చెప్పలేదు. ఆమెకు రెండు చెవులూ పోయాయి, ఏడేళ్ళు ఎక్కువ చేసింది, నాకన్నా ముందు ఆమెకు రావాలి ఆ మిషను. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చెప్పలేదు. సుక్కమ్మను అడిగి ఉంటే వదినను కూడా రమ్మనేదేమో. అడిగితే ఇద్దరికీ లేకుండా పోతుందేమోనని భయపడ్డాను. ఇంతకన్నా మర్యాదగా చెప్పడానికి నాకు చేతకాదు.

మే పదో తారీకు. పొయ్యి దగ్గర వదిన, తొట్టి దగ్గర నేను. ఫ్యాను మోత. అద్దాల గోడ అవతల భోజనాల హాల్లో సుక్కమ్మ కూర్చుని, మాకు సాయంగా వెల్లుల్లి ఒలుస్తోంది. మిషన్ల డబ్బా ఆమె పక్కన బల్లమీద మూత వేసి ఉంది.

“బెంగుళూరుకు పోతాండావంట కదా,” అంది వదిన, గరిటె తిప్పుతూనే.

“నీకెవురు చెప్పినారు?”

“పాప చెప్పింది. నువ్వు చెప్పాల్సింది పాప చెప్పింది.” పొయ్యి తగ్గించి నావైపు తిరిగింది. “పోనీలేమ్మే. ఆమె కూర్చోమంటే కూర్చుంటాండావు, లెయ్యమంటే లేస్తాండావు. తోక ఒక్కటే తక్కువ నీకు. అదీ బెంగుళూరులో అతికిస్తారేమో.”

నాకు మండింది. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు, అందుకే అంత మండింది. నా మీదనుంచి దాన్ని దులిపేసుకుని ఇంకెవరిమీదైనా పారెయ్యాలి. ఎవరున్నారు అక్కడ?

“తోక నాకు కాదు వదినా. అదిగో, ఆమెకు,” అన్నాను, గడ్డంతో అద్దంవైపు చూపించి. తరువాతది ఒక్కొక్క మాటే, నోరారా, రుచి చూస్తూ అన్నాను. “చెవిటి కుక్క. తిండి పెడితే నా ఎంట వస్తాది.”

వదిన ఫక్కున నవ్వింది. ఆమె నవ్వాక నా మనసు కుదుటపడింది. అద్దంవైపు చూశాను. సుక్కమ్మ వెల్లుల్లి చేత్తో పట్టుకుని నన్నే చూస్తోంది. నేను నవ్వాను. ఆమె కూడా నవ్వి తలూపింది. నేను మళ్ళీ గిన్నెల్లో పడ్డాను.

ఆ మధ్యాహ్నం మెట్లమీదికి రాలేదు. ఎండదెబ్బ తగిలిందేమో అనుకున్నాను. మరునాడు వచ్చింది, చెవుల్లో రెండు మిషన్లూ ఉన్నాయి. చూసి, ‘తీసెయ్’ అన్నట్టు చెవి దగ్గర చెయ్యి తిప్పాను. ఆమె తియ్యలేదు. ఫోను నా ముందు పెట్టింది. అందులో ఇట్లా ఉంది: “దయచేసి నా గది దుప్పట్లు మార్చండి. ధన్యవాదాలు.”

పెదాలతో ఏమైందని అడిగాను. నవ్వి తలూపి వెళ్ళిపోయింది.

అయినా పదిహేనో తారీకు పొద్దున్నే తయారయ్యాను. నేతగాడి పెళ్ళానికి పట్టుచీరలు బోలెడు ఉంటాయనుకుంటారు జనం. నాకు ఉన్నది ఒక్కటి. అంచులో లోపం పడిందని షావుకారు వెనక్కి కొట్టిన చీర అది. లోపం కనపడకుండా కుచ్చిళ్ళలోకి మడిచి కట్టుకుని, ఏడింటికల్లా గేటు కాడ నిలబడ్డాను. ధర్మవరంనుంచి మొదటి బస్సుకు వచ్చాను అందుకోసం. త్రివేణి వీధి చివరిదాకా వచ్చి బస్సు ఎక్కించి పోయింది.

కారు వచ్చింది. వెనక సీట్లో ఆమె, పక్కన వాళ్ళాయన. నేను తలుపు దగ్గరికి పోయి చెయ్యి వేశాను. ఆమె నన్ను చూసింది. మొహం అటు తిప్పుకోలేదు. కారు కదిలి నా చెయ్యి దాన్నుంచి జారేదాకా అట్లాగే చూసింది.

“యాడికి పోతాండావమ్మా, పెండ్లికూతురు మాదిరి సింగారించుకొని?” అన్నాడు శ్రీరంగప్ప.

ఆ పట్టుచీరమీదే ఆ రోజు గిన్నెలు తోమాను. తోముతూ ఒకటే ఆలోచించాను. ఆమెకు ఎట్లా తెలిసింది? ఆ మాట నా నోటినుంచి దాటింది ఒక్కరి దగ్గరికే. వదినకు చెవులు లేవు గానీ గొంతు ఉంది. ఫోను ముందు రెండు ముక్కలు అంటే చాలు, అది కొరియా భాషలో రాసి చూపిస్తుంది. తనను బెంగుళూరుకు రానివ్వలేదనే కడుపుమంట. ఇంకేం కావాలి? లెక్క సరిపోయింది నాకు. చెవులు లేని సుక్కమ్మ కళ్ళతోనే నా నోటిని చూస్తుందని, ఆ కళ్ళకు చదువు చెప్పింది నేనేనని నా బుర్రకు తట్టనే లేదు. మాకిద్దరికీ తప్ప ఆ మాట ఇంకెవరికీ రాదని ఇన్నేళ్ళుగా పొగరు. షెడ్డు పొగరు.

సాయంత్రం ఇంట్లో వదినను నిలదీశాను.

“నువ్వే చెప్పినావు ఆమెకు.”

“ఏం చెప్పినా?”

“కుక్క అన్నానని.”

ఆమె చేతిలో చాట కింద పెట్టింది. “నేనెందుకు చెప్తానే హేమా? నవ్వినాను కదా నేను కూడా. చెప్తే నాకు మాత్రం మానం ఉంటాదా? ఆ పాప మీద ఒట్టు, నేను…”

నేను కళ్ళు మూసుకున్నాను.

పద్నాలుగేళ్ళలో మొదటిసారి. చీకట్లో నిలబడి ఉంటే ఆమె చేతులు నా భుజాలు పట్టుకుని కుదపడం తెలుస్తోంది. నా కనురెప్పల మీద ఆమె ఊపిరి తగులుతోంది. ఏదో చెబుతూనే ఉంది. ఆమె చేతులు దిగేదాకా కళ్ళు తెరవలేదు.

అంతటితో ఆగానా? ఆగలేదు. మరునాడు ఓబిలేష్ దగ్గరికి పోయి, మా వదినకు చేతివాటం ఉందని, వంటింట్లోంచి నూనె ప్యాకెట్లు పోతున్నాయంటే కారణం ఆమేనని చెప్పాను. ప్యాకెట్లు పోతున్న మాట నిజమే, తీసేది ఓబిలేషే. వాడికి ఒక దొంగ కావాల్సి ఉంది, నేను తెచ్చి ఇచ్చాను. ఆ రోజే అందరి ముందూ ఆమె సంచి కింద గుమ్మరించి, లోపల ఏమీ లేకపోయినా, రేపటినుంచి రావద్దన్నాడు. ఆమె సంచిలో ఒక దువ్వెన, త్రివేణి రిబ్బను, సగం తిన్న బొరుగుల పొట్లం ఉన్నాయి. వాటిని ఏరుకుంటూ ఒకసారి నావైపు చూసింది.

వారం తిరక్కముందే ఇల్లు వదిలింది. కదిరిలో వాళ్ళ పెద్దమ్మ కూతురు యశోదమ్మకు బస్టాండు దగ్గర దోసెల అంగడి ఉంది, అక్కడికి పోయింది. గంగాధర్ బస్సు ఎక్కించి వచ్చి నా ఎదురుగా కూర్చుని, నాకు కనిపించేలా నోరు తెరిచి తెరిచి అన్నాడు.

“ఓబిలేష్ అంతా చెప్పినాడు. మాయక్కను దొంగను చేసినావు కదే. ఇంగ నువ్వు నాతో మాట్లాడొద్దు. గొంతుతోనూ వద్దు, గొంతు లేకుండానూ వద్దు.”

త్రివేణి కొంగు లాగడం కూడా మానేసింది. ఏదైనా కావాలంటే కాగితం మీద రాసి పొయ్యికాడ పెట్టి పోయేది. నలుగురున్న ఇంట్లో ముగ్గురం మిగిలాము, ముగ్గురమూ మూగవాళ్ళమయ్యాము.

జూలై మొదటి వారంలో సుక్కమ్మ వాళ్ళ గడువు తీరింది. అప్పటికి రెండు చినుకులు పడ్డాయి, ఎర్రమట్టి వాసన వచ్చింది, ఆ తరువాత మళ్ళీ మబ్బు మొహం చాటేసింది. పోయే రోజు ఓబిలేష్ పనివాళ్ళందరినీ వరసగా నిలబెట్టి, పూలదండ తెప్పించి, ఫోటోలు తీయించాడు. ఆమె ఒక్కొక్కరి దగ్గర ఆగి చేతిలో చిన్న పొట్లం పెడుతూ వచ్చింది. వరసలో నేను చివర ఉన్నాను.

నా ముందుకు వచ్చి ఆగింది. పొట్లం చేతిలో పెట్టింది. తరువాత రెండు చేతులూ చెవులకు పోయాయి. ఒక మిషను తీసింది, రెండోది తీసింది, డబ్బాలో పెట్టి మూత వేసింది. రెండు నెలల తరువాత మొదటిసారి. కోపం పోయిందనుకున్నాను. పోయేముందు మళ్ళీ మెట్లమీది మనుషులం అయ్యామనుకున్నాను.

ఆమె గొంతు లేకుండా, నోరారా, ఒక్కొక్క మాటే అంది.

“చెవిటి కుక్క. తిండి పెడితే నా ఎంట వస్తాది.”

అన్నీ నేను నేర్పిన మాటలే. వాటిలో ఆమెకు తెలియనిది ఒక్కటీ లేదు. ‘ఎంట’ దగ్గర నా నోరు కుడివైపు కొంచెం పైకి లేస్తుందట, మా ఆయన ఎప్పుడూ ఎగతాళి చేస్తాడు. ఆమె నోరు కూడా అక్కడ కుడివైపే లేచింది. గొంతు లేని మాటకు యాస ఉండదని అన్నాను కదా. ఉంటుంది. అది నా యాస.

“సూడండప్పా, హేమక్కకు మాత్రం స్పెషలుగా సెప్తాంది, ఎంత అభిమానమో!” అన్నాడు ఓబిలేష్. అందరూ చప్పట్లు కొట్టారు.

నా వదిన ఆ వరసలో లేదు. ఉంటే చదివి ఉండేది. చదివి ఉంటే, సుక్కమ్మ నా నోరు చూసే ఆ మాట పట్టుకుందని ఆమెకూ తెలిసేది. వదిన ఏమీ చెప్పలేదని నాకు మాత్రం అప్పుడే, అక్కడే తేలిపోయింది.

“తప్పయింది,” అన్నాను పెదాలతో. “తప్పయింది, సుక్కమ్మా.”

ఆమె నా నోటివంక చూసింది. ఇంకోసారి అన్నాను, ఇంకా నెమ్మదిగా. ఆ మాట ఆమెకు రాదు. అన్ని మధ్యాహ్నాలు కూర్చుని అన్ని మాటలు నేర్పాను గానీ, ఆ ఒక్కటి నేర్పే అవసరం ఎప్పుడూ పడలేదు. ఆమె కాసేపు ఓపిగ్గా చూసి, ఓబిలేష్‌కు నవ్వినట్టే నాకూ నవ్వి, తలూపింది. మిషన్లు చెవుల్లో పెట్టుకుని కారెక్కింది.

పొట్లంలో ఏముందో చూడలేదు. గేటు కాడ కుక్క ముందు విప్పి పడేశాను, ఏవో బిస్కెట్లు, అది తినింది. అట్లాగే రోడ్డు మీదికి వచ్చి కదిరి బస్సు ఎక్కాను.

యశోదమ్మ అంగడి బస్టాండుకు ఎదురుగానే ఉంది. వదిన పెనం ముందు నిలబడి దోసె తిప్పుతోంది. ఈ నెలన్నరలోనే సగమైంది మనిషి. రోడ్డుకు ఇవతల నేను, అవతల ఆమె, మధ్యలో ఆటోలు. మాకు ఆ దూరం ఒక లెక్క కాదు, నాలుగు మగ్గాల దూరం. తల ఎత్తి నన్ను చూసింది. నేను వెంటనే మొదలుపెట్టాను.

“వదినా, నువ్వు చెప్పలేదు. ఆమే సదువుకునింది, నా నోరు చూసి. నువ్వు చెప్పలేదని తెలిసింది వదినా, ఇంటికి…”

ఆమె గరిటె పెనంమీద ఆనించి, కళ్ళు మూసుకుంది.

రోడ్డు దాటి దగ్గరికి పోయాను. ఆమె మొహానికి జానెడు దూరంలో నిలబడ్డాను. కళ్ళు తెరవలేదు. దోసె మాడి పొగ వస్తున్నా తెరవలేదు. నాకు వచ్చిన మాట ఏదైనా ఆ కళ్ళలోంచే పోవాలి, ఇంకో దారి లేదు. భుజాలు పట్టుకుని కుదిపాను. అప్పుడిక గొంతు తెరిచాను. ఎంత పెద్దగా వచ్చిందో నాకు తెలియదు, నా గొంతు నాకు వినపడదు కదా.

“వదినా! వదినా!”

అంగట్లో తింటున్నవాళ్ళు తిరిగి చూశారు. ఆటోవాళ్ళు తిరిగి చూశారు. బస్సు కిటికీల్లోంచి జనం తలలు బయటపెట్టి చూశారు. కదిరి బస్టాండంతా నేను పిలవడం వినింది, ఆమె ఒక్కతే వినలేదు.